వాకబుకొచ్చిన పెద్దమనిషి

త్రిపురసుందరమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఫలానావారింటికి వెళ్లిరా అనేవారు, ఫలానా పని చూసుకుని రా అనేవారు. ఈవిడ జవాబు తెలియకే ఇలా తప్పించుకుంటోందని మా రేపల్లెలో చాలామందికి అనుమానం. నాకూ కొన్నాళ్లు ఉండేది. హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యాక, దూరాభారం చదువులకి వెళ్లే పిల్లలకి దారి చెప్పడం ఆవిడ పనైంది. ఆ పని నేర్చుకుంటానని సువర్చల అనే అమ్మాయి వచ్చి ఆవిడ దగ్గర శిష్యురాలిగా చేరింది.

సువర్చల అంతకుముందు బెజవాడలో ఒక ఆఫీసులో పనిచేసింది. ఈ మధ్య లిబరల్ ఆర్ట్స్ కాలేజీలని వస్తున్నాయి కదా, సాహిత్యం, లెక్కలు, చరిత్ర, సంగీతం అన్నీ ఒకేచోట చదివిస్తారట. వేలమంది అడిగితే గుప్పెడుమందిని ఏరుకుంటారట. అలాంటి కాలేజీలో ఏ పిల్లకి ఎంత అవకాశం ఉందో చెప్పడం ఆ ఆఫీసు పని. మార్కులూ సర్టిఫికెట్లూ కంప్యూటర్లో వేస్తే, ఈ పిల్లకి పాతిక శాతం, ఆ పిల్లాడికి అరవై అని చెప్పేదిట. తీరా చూస్తే పాతిక వచ్చిన పిల్లకి సీటొచ్చేది, అరవై వచ్చినవాడు ఇంట్లో కూర్చునేవాడు. సువర్చలకి మొదట కంప్యూటర్ మీద అనుమానం వచ్చింది. తరవాత కాలేజీల మీద వచ్చింది. చివరికి తన మీద తనకే వచ్చి, ఉద్యోగం మానేసి ఈవిడ దగ్గరకి వచ్చింది.

ఒకరోజు ఆ అమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది. "అమ్మగారూ, ఒక పిల్లకి సీటొస్తుందో రాదో చెప్పాలంటే అసలు దేన్ని చూడాలండీ?"

త్రిపురసుందరమ్మగారు కూర తరుగుతున్నారు. తల ఎత్తకుండానే, కండక్టరు సాంబశివరావు కూతురి కాగితాలు నీ దగ్గరే ఉన్నాయిగా, నాలుగు రోజులు వాళ్లింటికి వెళ్లి వస్తూ ఉండు అన్నారు. అంతే. సువర్చలకి మనసులో కష్టంగానే అనిపించిందట. కానీ శిష్యరికం అన్నాక తప్పుతుందా, వెళ్లింది.

సాంబశివరావు గురించి కాస్త చెప్పాలి. ఆర్టీసీ బస్సులో కండక్టరు. టికెట్టు తీసుకున్నానని ఎవరైనా అంటే, చెయ్యి చూడకుండా మొహం చూసి అది నిజమో కాదో తేల్చే మనిషి. దానికి తోడు, చుట్టాల్లో ఏ సంబంధం అనుకున్నా వాకబుకి ఆయన్నే పంపేవారు. అవతలివాళ్ల ఇంటికి చచ్చినా వెళ్లడు. వాళ్ల వీధిలో ఇస్త్రీ బండి ఎక్కడుందో చూసుకుని, నలిగిన చొక్కా ఒకటి చేతపట్టుకుని అక్కడ నిలబడతాడు. చొక్కా ఇస్త్రీ అయ్యేలోపల ఆ ఇంటి మంచీ చెడూ, అప్పూ సొప్పూ అన్నీ బయటికొస్తాయి. పిల్లనిచ్చేవాళ్లు దేవుళ్లైనా సరే, పక్కింటివాళ్లని ఓ మాట అడగాలోయ్ అనేవాడు. ఆయన ఒక్క మాటతో ఆగిపోయిన సంబంధాలు మా వైపు ఉన్నాయి.

ఆయనకి ఒక్కతే కూతురు, మందాకిని. పెద్దగా మాట్లాడని పిల్ల. అలాంటి కాలేజీ ఒకదానికి పరీక్ష రాసింది, వాళ్లడిగిన వ్యాసం రాసి పంపింది, మొదటి వడపోతలో నిలిచింది కూడాను. ఇక వాళ్లు ఫోన్ చేసి మాట్లాడతారు, ఆ మాటల్ని బట్టి సీటు. ఆ ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నది దానికే. ఆ పిల్ల దరఖాస్తు పెట్టింది ఆ ఒక్క కాలేజీకే.

సువర్చల వెళ్లిన రోజునే సాంబశివరావు ఆ అమ్మాయిని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పాడు. పొద్దున్న ఒక పెద్దమనిషి వీధిలోకి వచ్చాడట. ఈ ఊరివాడు కాదు. మడత నలగని పంచె కట్టుకున్నాడు, చేతిలో మాత్రం నలిగిన చొక్కా ఉంది. తిన్నగా పోలయ్య ఇస్త్రీ బండి దగ్గరకి వెళ్లాడు. ఆ ఇంట్లో ఎవరుంటారు, ఎలాంటివాళ్లు, ఎన్నింటికి లేస్తారు, పిల్ల నెమ్మదస్తురాలేనా అని అడిగాడు. వాకబుకి కాలేజీవాళ్లు పంపిన మనిషేనని సాంబశివరావు తీర్మానం. మందాకిని అది విని, కాలేజీవాళ్లు ఫోన్ చేస్తామన్నారు గానీ మనిషిని పంపుతామనలేదు కదా నాన్నా అంది.

"పంపుతామని చెప్పి పంపుతారటమ్మా ఎవరైనా?" అన్నాడు సాంబశివరావు.

సువర్చల ఆ మాటని కాదనలేకపోయింది. ఇన్నాళ్లూ తన లెక్కలు తప్పడానికి కారణం ఇదేనేమో, పైకి మార్కులు అడిగి లోపల్లోపల మనుషుల్ని పంపి తెలుసుకుంటారేమో అని కూడా అనిపించిందిట ఆ అమ్మాయికి. చదువుకున్నవాళ్లకి అనుమానం వస్తే దానికి కారణాలు కూడా దొరుకుతాయి, అదే చిత్రం.

ఇక ఆ ఇంట్లో హడావుడి మొదలైంది. పెద్దమనిషి ఎక్కడ నిలబడితే అక్కడికి వినబడేలా మందాకిని అరుగు మీద కూర్చుని ఇంగ్లీషు పేపరు పైకి చదవాలి. ఆ కాలేజీలో సంగీతం ఉంది కాబట్టి ఎవరింట్లోదో హార్మోనియం తెచ్చిపెట్టారు. పిల్లకి నాలుగు కీర్తనలు వచ్చు, ఆ నాలుగే పొద్దుటినుంచి సాయంత్రం దాకా. సంఘసేవ కూడా చూస్తారని సువర్చల చెబితే, వీధిపిల్లల్ని పోగుచేసి గట్టిగా ఎక్కాలు చెప్పించారు. సాంబశివరావు సెలవు పెట్టి ఇల్లిల్లూ తిరిగి, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో చెప్పి వచ్చాడు. ఎదురింటి కనకమ్మ పిన్నిగారు విని, "మీ అమ్మాయి బంగారమే గానీ, మరి మీ గురించి అడిగితే అబద్ధం చెప్పమంటారా కండక్టరుగారూ?" అందిట. ఆయన నవ్వలేదు. ఆవిడ మనవడు కూడా ఏదో కాలేజీకి రాశాడని గుర్తొచ్చి, ఆ రోజు నుంచి ఆవిడ కిటికీ మీద ఓ కన్నేసి ఉంచాడు. పోలయ్య ఆ పెద్దమనిషితో ఎక్కువసేపు మాట్లాడితే ఏం కూశావని నిలదీశాడు. అంతకుముందు చక్కగా ఉన్న వీధి. ఎవరు ఎవరితో మాట్లాడినా మూడోవాడికి గుండె దడ.

పెద్దమనిషి మాత్రం మళ్లీ మళ్లీ వచ్చాడు. ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి సాయంత్రం. ఎవరూ లేని పక్కింటి నీడలో నిలబడి చెవి ఒగ్గి వినేవాడు. వేళ మార్చి వస్తున్నాడంటే ఎంత పని తెలిసినవాడో చూశారా మేడంగారూ అని సాంబశివరావు మురిసిపోయాడు. తన విద్యలో తనని మించినవాడు దొరికాడని ఆయనకి అదో గౌరవం.

ఆ సందడిలోనే ఫోన్ వచ్చింది. మందాకిని అరుగు మీద హార్మోనియం దగ్గర ఉంది. ఫోన్ సాంబశివరావు ఎత్తాడు. ఎవరో ఒకావిడ, తెలుగు వచ్చీ రానట్టు మాట్లాడుతోంది. కాలేజీ నుంచి అంటోంది. మార్కులు అడగలేదు, సర్టిఫికెట్లు అడగలేదు, అమ్మాయి వ్యాసంలో రాసిన ఒక్క వాక్యం గురించి అమ్మాయితోనే మాట్లాడాలి అంటోంది. ఆయన ఫోన్ చేత్తో మూసి, సువర్చలకి నంబరు చూపించాడు. మామూలు సెల్ నంబరు. కాలేజీవాళ్లు ఇలా చెయ్యరని తల అడ్డంగా ఊపింది ఆ అమ్మాయి. ఫోన్ వస్తుందని వీధంతా తెలుసు కదా, ఎవరో కావాలని ఆడిస్తున్న ఆట అని సాంబశివరావు తేల్చేశాడు. మా పిల్ల ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడదని చెప్పి పెట్టేశాడు. మళ్లీ మోగింది. ఈసారి, పోలీసులకి చెబుతానన్నాడు. ఆ తరవాత ఇక మోగలేదు.

మర్నాడు పెద్దమనిషి తిన్నగా ఇంటికే వచ్చాడు. కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. మందాకినికి పట్టులంగా కట్టించి తలుపు దగ్గర నిలబెట్టారు. ఆ పిల్ల మొహం కందిపోయి ఉందిట. పెద్దమనిషి కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, చేతులు జోడించాడు. తన భార్యకి తలకి ఆపరేషన్ అయిందనీ, చప్పుడు లేనిచోట ఉంచమని డాక్టరు చెప్పారనీ, అందుకని మీ పక్కిల్లు అద్దెకి తీసుకుందామని నాలుగు రోజులుగా చూస్తున్నాననీ చెప్పాడు. మీరు చాలా మంచివాళ్లని అందరూ ఒకే మాటగా చెప్పారు, అచ్చు అవే మాటలతో చెప్పారు అన్నాడు. "కానీ ఏమీ అనుకోకండి బాబూ, ఈ సందడి మా ఆవిడ తట్టుకోలేదు."

ఆయన వెళ్లిపోయాక మొదట నోరు విప్పింది మందాకిని. తండ్రి వంక చూసి, గొంతు పెంచకుండానే, "అయితే నిన్న ఫోన్లో ఎవరు నాన్నా?" అంది.

ఆ పిల్ల ఫోన్ తీసుకుని, అరుగు మీదకి పోకుండా, వంటింట్లోకీ పోకుండా, అక్కడే అందరి మధ్యా నిలబడి, స్పీకర్ పెట్టి ఆ నంబరుకి చేసింది. మా నాన్న మిమ్మల్ని దొంగలనుకున్నారండీ, తప్పు మాదే అంది. మాట్లాడనందని రాసేసి కాగితం పక్కన పెట్టేశామని అటువైపు ఆవిడ చెప్పిందిట. నువ్వే చేశావు కనక ఇప్పుడే అడుగుతానందిట.

అడిగింది వ్యాసం గురించే. మందాకిని అందులో రాసుకున్నది వాళ్ల పెద్దమ్మ కూతురు హైమ సంగతి. హైమకి బాపట్లలో ఒక సంబంధం అనుకున్నారు. సాంబశివరావు వాకబుకి వెళ్లాడు. పిల్లాడు రోజూ పొద్దుపోయాక ఇంటికొస్తాడని ఇస్త్రీ బండివాడు చెప్పాడు. ఆ మాట మీద సంబంధం వదిలేశారు. మా నాన్న వీధిలో అందరినీ అడిగారు, హైమక్కని అడగలేదు, నేనూ అడగలేదు అని రాసింది ఆ పిల్ల. నేనూ అడగలేదు అని ఎందుకు రాశావమ్మా అని అటువైపు ఆవిడ ప్రశ్న.

"తను ఏం చెబుతుందో నాకు తెలుసనుకున్నానండీ," అంది మందాకిని. ఈ వ్యాసం రాశాక వెళ్లి అడిగానని చెప్పింది. ఏమందని అటువైపు ఆవిడ అడిగింది. నవ్విందండీ, ఏమీ చెప్పలేదు, ఆ నవ్వు నాకు ఇంకా అర్థం కాలేదు అంది.

ఇంకా చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ పిల్ల అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. సాంబశివరావు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. జిల్లాలో ఉన్న ఆడపిల్లల గుణగణాలన్నీ పక్కింటివాళ్ల నోట విన్న మనిషి, కూతురి మాటలు ఆమె నోటనే వినడం అదే మొదలేమో, అలా నిలబడిపోయాడట. మీ సంగతి తరవాత తెలియజేస్తామని చెప్పి అటువైపు ఆవిడ పెట్టేసింది. సీటిస్తామనీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు.

సాంబశివరావు కూతురి ఎదురుగా వచ్చి కింద కూర్చున్నాడు. సీటొస్తుందా అని తనని అడగబోతున్నాడేమో అనుకుంది సువర్చల. ఆయన ఇటు తిరగనే లేదు. "అమ్మడూ, నీకు నిజంగా అంత దూరం వెళ్లి చదువుకోవాలని ఉందా?" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ మాట అడగలేదని అప్పుడే తెలిసినట్టుంది ఆయన గొంతు. తండ్రీకూతుళ్ల మధ్య తనెందుకని సువర్చల నెమ్మదిగా లేచి వచ్చేసింది.

దారంతా ఆలోచించుకుంటూ త్రిపురసుందరమ్మగారి గుమ్మం దగ్గరకి వచ్చింది. ఆవిడ లోపల కూర్చుని ఉన్నారు. జరిగిందంతా గుమ్మంలో నిలబడే చెప్పింది. పెద్దమనిషి సంగతి చెప్పింది, తను తల అడ్డంగా ఊపిన సంగతి దాచకుండా చెప్పింది. చివరికి సువర్చల, ఇన్ని చూశాక కూడా పాత అలవాటు పోక, ఇప్పుడు ఆ పిల్లకి ఏపాటి అవకాశం ఉందంటారండీ అని అడిగింది.

"వాళ్ల నాన్న అడిగినదానికి ఆ పిల్ల ఏమంది?" అన్నారు త్రిపురసుందరమ్మగారు.

సువర్చల, వెళ్తాననే అనుంటుందండీ అంది. ఆ తరవాత, తెలియదండీ, నేను అడగలేదు అంది.

"చెప్పులు విడవకమ్మా," అన్నారు ఆవిడ, "మళ్లీ వెళ్లిరా."