పంచదార డబ్బా

మా శేషాచారి మాస్టారికి అడగ్గానే జవాబు చెప్పే అలవాటు లేదు. నాకేమో ప్రశ్న పూర్తికాకుండానే జవాబు చెప్పే అలవాటు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకున్నవాణ్ని కదా, తప్పులు కూడా ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మాస్టారింట్లో మేమిద్దరం కూర్చుని ఉండగా ఆయన శిష్యుడు కిరీటి ఉడుక్కుంటూ వచ్చాడు. పల్లెటూరి గ్రంథాలయాల కోసం ఏళ్ల తరబడి కష్టపడి ఒక సాఫ్ట్‌వేర్ రాసి, కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఒక లైబ్రేరియన్ గారు అందులో కొత్త పుస్తకం ఎక్కించే చోటు కనబడక, విసిగిపోయి దాన్ని కంప్యూటర్లోంచి తీసేశారట.

"అన్నీ అందులోనే ఉన్నాయి మాస్టారూ. 'పరికరాలు' నొక్కి, 'ఇతరములు' కింద చూడాలి. వెతుక్కోకపోతే తప్పు నాదా?"

మాస్టారు ఏదో చెప్పబోయి ఆగారు. నుదుట చెమట, చేతుల్లో వణుకు. "షుగర్ పడిపోయిందిరా... పంచదార," అంటూ కుర్చీలో వాలిపోయారు. మాస్టారి భార్య, అమ్మగారు చూస్తే వీధి చివర పేరంటానికి వెళ్లారు.

ఇద్దరం వంటింట్లోకి పరిగెత్తాం. 'పంచదార' అని రాసున్న డబ్బా ఎదురుగానే ఉంది. నేను గర్వంగా గ్లాసుడు నీళ్లలో చెంచాలకొద్దీ వేసి కలిపాను. ఎంత కలిపినా కరగదే! చూస్తే బొంబాయి రవ్వ. కాఫీపొడి డబ్బాలో మెంతులు, బిస్కెట్ల డబ్బాలో ఎండుమిరపకాయలు. కిరీటి తుమ్ముతూనే అమ్మగారికి ఫోన్ చేశాడు.

"పంచదారా? మినప్పప్పు డబ్బాలో ఉంది నాయనా. దాని మూత బిగువు, చీమలు దూరవు. మా ఇంట్లో అందరికీ తెలుసే!"

పంచదార నీళ్లు పడ్డాక మాస్టారి ముఖం మెల్లగా తేరుకుంది. భయం తీరగానే కిరీటికి కోపం వచ్చింది.

"ఇదేం వంటిల్లండీ! పైన రాసిందొకటి, లోపల ఉన్నదొకటి. కొత్తగా వచ్చినవాడికి ఎలా తెలుస్తుందనుకున్నారు?"

నేను గోడవైపు తిరిగాను. నవ్వితే కొట్టేలా ఉన్నాడు. అంతలో తన మాట తనకే తగిలినట్టు వాడే నాలుక కరుచుకున్నాడు.

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "ఆవిణ్ని ఏమీ అనకురా. ఈ వీధిలో ఆవిడ చేతి వంట తినని ఇల్లు లేదు. అందరికీ ఊరికే పెట్టింది." మూతి తుడుచుకుని అన్నారు: "ఆవిడ పక్కనున్నంతసేపూ ఈ వంటింట్లో లోపం నాకూ కనబడలేదు."