ఉత్తరేణి పరికిణీ పట్టుకున్న రోజు

ఒకప్పుడు ఉత్తరేణి గింజలు ఎవరి బట్టలకీ అంటుకునేవి కావు. నిజమే చెప్తున్నాను, మీ లాగులు చూసుకుని నవ్వకండి. ఆ రోజుల్లో వాటి గింజలు నువ్వుల్లా నున్నగా ఉండేవి. ఎండగానే తల్లి కాళ్ల దగ్గరే రాలి, అక్కడే మొలిచేవి.

ఉత్తరేణికి కావలసిందీ అదే. పిల్లలు కళ్లెదుట లేకపోతే దానికి తోచేది కాదు. ఒకే చోట అంతమంది పుట్టేసరికి ఎండ చాలక, నీళ్లు చాలక పిల్లమొక్కలన్నీ పీలగా ఉండేవి. అయినా సరే, ఎక్కడికీ పంపేది కాదు.

మొక్కలకి మాటలొచ్చిన కాలం అది. కొండ కింద ఒక ఊళ్లో పైడితల్లి అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు అప్పలకొండ, నడిపిది అచ్చియ్యమ్మ, ఆఖరిది నూకాలు. నూకాలుకి మూడేళ్లు.

వినాయకచవితి వచ్చిందంటే ఆ ఇంట్లో ఒక పద్ధతి. పూజకి పత్రి పిల్లలే తేవాలి. ఊరికే కోసెయ్యడానికి లేదు. మొక్క ముందు నిలబడి, పూజకి ఆకు ఇస్తావా అని అడగాలి. అది సరేనంటేనే చెయ్యి వెయ్యాలి. మారేడు మారుమాట లేకుండా ఇచ్చేది. జిల్లేడు, ఇస్తాను గానీ నా పాలు కంట్లో పడకుండా చూసుకోండర్రా అనేది. రేగు మాత్రం, గీరుకుపోతే నన్ననకూడదని ముందే ఒప్పించుకునేది.

ఉత్తరేణిని ఎవరూ అడిగేవారు కాదు. అప్పటికి అది పత్రిలో లేదు మరి. దారి పొడుగునా గెడ్డ దాకా బారుగా నిలబడి, పండగపూట పిల్లలు బుట్టలూపుకుంటూ పోతుంటే చూస్తూ ఉండేది. గెడ్డంటే తెలుసుగా, కొండమీంచి దిగే వాగు.

ఆ ఏడు నూకాలు నేనూ వస్తానని పేచీ పెట్టింది. పైడితల్లి కాసేపు బతిమాలింది, కాసేపు కోప్పడింది, ఇక పడలేక సరే అంది. కొత్త పరికిణీ కట్టి, పెద్దపిల్లలిద్దరికీ అప్పగించింది. చెల్లి చెయ్యి వదలొద్దని మరీమరీ చెప్పి, ఉండ్రాళ్లకి పిండి కలపడానికి వంటింట్లోకి వెళ్లింది.

ఇద్దరికీ కలిపి అప్పగించడంలోనే వచ్చింది చిక్కంతా. మారేడు కోసం అప్పలకొండ కొండవైపు తిరిగాడు. గరిక కోసం అచ్చియ్యమ్మ పొలం గట్టుమీదికి పోయింది. చెల్లి దానితో ఉందని వాడనుకున్నాడు, వాడితో ఉందని అది అనుకుంది. మీరు మాత్రం తక్కువా? పాలగిన్నె మీద మూత పెట్టమంటే నువ్వు పెట్టావనుకున్నానని వాడూ, వాడు పెట్టాడనుకున్నానని నువ్వూ. పాలేమో పిల్లి తాగిపోయింది.

నూకాలు ఎవరితోనూ లేదు. దాని పనిలో అది ఉంది. కనపడ్డ ప్రతి మొక్క దగ్గరా ఆగి, చేతులు కట్టుకుని, "ఇత్తావా?" అని అడుగుతోంది. తుమ్మిని అడిగింది, వావిలిని అడిగింది, పూజకి పనికిరాని పిచ్చిమొక్కల్ని కూడా అడిగింది. అవి ఎంత పొంగిపోయాయో. అలా అడుగుతూ అడుగుతూ గెడ్డ దాకా వచ్చేసింది.

భాద్రపద మాసం కదా, పైన కొండల్లో కురిసిన వానంతా గెడ్డలోకి దిగింది. ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. గట్టు కింద మన్నంతా కోసుకుపోయింది. పైన గడ్డి మాత్రం పచ్చగా, ఏమీ ఎరగనట్టు ఉంది. ఆ అంచునే ఒక గన్నేరు విరగబూసి ఉంది. నూకాలు దాన్ని చూసింది.

గన్నేరు హడలిపోయింది. రావద్దు తల్లీ, నా కింద నేల గుల్లయిపోయింది అని అరిచింది. మూడేళ్ల పిల్లకి రావద్దంటే వింటుందా, ఇంకా గబగబా నడిచింది. పక్కనున్న రేగు కొమ్మ చాచబోయి వెనక్కి తీసుకుంది. లేతపిల్ల, నేను పట్టుకుంటే ఒళ్లు చీరుకుపోతుందని ఏడిచింది. పిల్ల తల్లిని పిలుచుకురమ్మని చెట్లన్నీ గాలిని తరిమాయి. గాలి ఊరివైపు పరుగెత్తింది. ఎంత గాలైనా ఊళ్లోకి వెళ్లాలి, ఆవిణ్ణి తీసుకురావాలి కదా.

ఇక నూకాలుకీ గట్టు అంచుకీ మధ్య ఉన్నది ఉత్తరేణి ఒక్కటే. దానికి ముళ్లు లేవు, తీగలు లేవు, చేతులు లేవు. ఉన్నవల్లా పిల్లలు. కంకి నిండా గింజలు.

నూకాలుని పట్టుకోమని గింజల్ని పురమాయిస్తే, అవి తనని వదిలిపోవాలి. పోయినవి ఎక్కడ పడతాయో, బతుకుతాయో లేదో. వద్దులే, ఇంకెవరైనా చూస్తారులే అని కూడా అనుకుంది పాపం. కానీ ఇంకెవరూ లేరు. నూకాలు పాదాలు దాని మొదలు దాకా వచ్చేశాయి.

ఉత్తరేణి కంకి వంచింది. "తలలు కిందికి దించండి. మొనలు బయటికి పెట్టండి. ఒళ్లు గీరొద్దు, గుడ్డ పట్టుకోండి. ఎవరు లాగినా వదలకండి," అంది.

గింజలన్నీ తలకిందులుగా తిరిగాయి. నున్నటి ఒంటిమీద సన్నటి మొనలు లేచాయి. పరికిణీ అంచు తగిలిందో లేదో, వరసంతా పట్టేసుకుంది. నూకాలు గట్టిగా లాగింది. కంకి బోసిపోయింది గానీ గింజలు వదల్లేదు. అది చూసి పక్క ఉత్తరేణి పట్టుకుంది, దాని పక్కదీ పట్టుకుంది.

నూకాలు ఆగి పరికిణీ చూసుకుంది. కొత్త పరికిణీ నిండా ఏవో అంటుకుపోయి ఉన్నాయి. ఏడుస్తుందేమో అనుకున్నాయి చెట్లన్నీ. ఏడవలేదు. అక్కడే చతికిలబడి ఒక గింజ పీకింది. అది వేలికి అంటుకుంది. వేలినుంచి తీస్తే జాకెట్టుకి అంటుకుంది. జాకెట్టునుంచి తీస్తే మళ్లీ పరికిణీ ఎక్కింది. నూకాలుకి నవ్వొచ్చింది. గన్నేరు సంగతే మర్చిపోయి, గింజలు పీక్కుంటూ కూర్చుంది.

అలా నవ్వుతుండగానే గన్నేరు ముందున్న గట్టు దభాలున విరిగి గెడ్డలో పడింది. నీళ్లు ఆ మన్నుని చప్పరించినట్టు కరిగించుకుపోయాయి. గన్నేరు మిగిలిన మన్నుని వేళ్లతో కరుచుకుని ఎలాగో నిలబడింది. నూకాలు కూర్చున్న నేల మాత్రం కదల్లేదు. పిల్ల తలెత్తి ఒకసారి చూసి, మళ్లీ ఏరుకోవడంలో పడింది.

ఈలోగా గాలి వంటింట్లోకి దూరి పైడితల్లికి సంగతి చెప్పింది. ఆవిడ పిండిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. వెనకాలే మొహాలు పాలిపోయి అప్పలకొండ, అచ్చియ్యమ్మ. ముందు విరిగిన గట్టు కనపడింది. ఆ తర్వాత గడ్డిలో పిల్ల కనపడింది.

పైడితల్లి నూకాలుని ఒళ్లోకి లాక్కుని బోరుమంది. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే పిల్ల కాళ్లూ చేతులూ తడిమి చూసుకుంది. హమ్మయ్య, ఒక్క గీత కూడా పడలేదు. పెద్దపిల్లలిద్దరూ అమ్మని చెరోవైపు కరుచుకున్నారు. వాళ్లకి తిట్లు తర్వాత బాగానే పడ్డాయి లెండి.

ఉత్తరేణి మాత్రం తలొంచుకుని నిలబడింది. కొత్త పరికిణీ పాడుచేశానని తిడుతుందేమో అని దాని భయం. పైడితల్లి పరికిణీ మీద గింజలు చూసింది. బోసిపోయిన కంకులు చూసింది. వేరే చెప్పక్కర్లేకపోయింది, తానూ తల్లే కదా.

"నీ పిల్లలే నా పిల్లని ఆపారమ్మా," అంది. "వీళ్లని మా ఇంటికి తీసుకెళ్తాను. నీళ్లు పడే చోట దింపుతాను. బెంగ పెట్టుకోకు."

అన్నట్టే చేసింది. గుమ్మంలో కూర్చుని ఒక్కొక్క గింజే ఏరి, కాళ్లు కడుక్కునే చోటు పక్కన వేసింది. ఆ పూటే ఉత్తరేణి ఆకు కూడా పత్రిలో చేరింది. వానలు తగ్గేసరికి ఆ గింజలన్నీ మొలిచి, నడుమెత్తు పెరిగాయి. గాలి గెడ్డ గట్టుకి వెళ్లి, నీ పిల్లలు నీకంటే పొడుగ్గా ఉన్నారని చెప్పింది. ఉత్తరేణి హాయిగా ఊపిరి తీసుకుంది.

అప్పటినుంచే ఉత్తరేణి గింజలు తల కిందికి దించుకుని ఉంటాయి. దారినపోయే వాళ్ల బట్టలు పట్టుకుని ఇళ్లదాకా వస్తాయి, ఏరి పడేసిన చోటల్లా మొలుస్తాయి. ఆడుకుని వచ్చిన పిల్లల బట్టల్నిండా అవి కనపడితే, అమ్మలు పైకి విసుక్కుంటారు గానీ గట్టిగా తిట్టరు. ఏరుతున్నంతసేపూ పిల్ల ఒళ్లోనే ఉంటుంది మరి.