గమలీయేలు గారి చెప్పులు

మా పిట్టలమెరక రాజుగారు పరమ వైష్ణవులు. ఏడాదంతా నిలువు నామం చెరగనివ్వరు. క్రిస్మస్ నాడు ఒక్కపూట మాత్రం ఆయనది కేకు మతం.

చర్చి వెనక వంటింట్లో మార్తమ్మ, ఇసక పోసిన గిన్నెలో పెట్టి, పైనా కిందా నిప్పులేసి, తాటిబెల్లం కేకు చేసేది. దాని మొదటి ముక్క రాజుగారిది. ఆ ముక్క కోసమే ఆయన ఆరాధనకి వచ్చేవారు. అదీ ప్రసంగం అయిపోయాకే వచ్చేవారు లెండి, తెలివైనవారు.

ఆ ఏడూ అంతే. అందరికంటే ఆఖర్న వచ్చారు. గుమ్మం బయట చెప్పుల గుట్ట మీద తన ముఖమల్ జోళ్లు వదిలి, ముందు వరసలో కుర్చీ ఎక్కారు. పాస్టరు యోనా అయ్యగారు కళ్లు మూసి ప్రార్థన మొదలెట్టారు. ఆయన ప్రార్థనంటే మాటలా? ఆదాము దగ్గర ఎత్తుకుంటే మా ఊరి గేదెల దాకా వస్తేగాని ఆమెన్ పడదు. సంఘంలో సగం భక్తితో కళ్లు మూసుకుంటుంది, మిగతా సగం గురక పెడుతుంది. నేను ఏ సగమో అడక్కండి.

ఎట్టకేలకు ఆమెన్ అయింది. కేకు తేవడానికి వెళ్లిన మార్తమ్మ ఉత్త పళ్లెం పట్టుకుని ఏడుస్తూ వచ్చింది.

"అయ్యగారూ, కేకు లేదండీ!"

రాజుగారి మొహం మాడిపోయింది. అప్పుడు లేచారు మా సంఘపెద్ద గమలీయేలు గారు. తన భక్తి అంటే ఆయనకే మహా భక్తి. రాజుగారు తినే మొదటి ముక్క తనింటి కేకుదే కావాలని ఎన్నాళ్లుగానో దురద.

"ఇందులో వింతేముంది రాజావారూ? వంటింట్లో మసిలేది ఈవిడొక్కతే. తినేసి ఏడుస్తోంది. తమ అదృష్టం, మా ఆవిడ చేసిన కేకు నా సంచిలో సిద్ధంగా ఉంది."

"నాకు ఆ కేకే కావాలి!" అని కుర్చీ చెయ్యి చరిచారు రాజుగారు. "యోనా అయ్యగారూ, భోజనాల గంట కొట్టేలోపు దొంగని పట్టండి. పట్టలేకపోతే సాయంత్రానికల్లా ఈవిడ ఊరు విడిచి పోవాలి."

"ముప్పై ఏళ్లు ఈ పొయ్యి దగ్గరే గడిచిపోయాయి బాబూ," అంది మార్తమ్మ. "ఈ వయసులో ఎక్కడికి పోను?"

 మేమంతా పాటల పుస్తకాల్లో తలలు దూర్చాం. రాజుగారి మాట మరి! ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అయ్యగారు చాదస్తుడేగాని, ఆయనవి డేగ కళ్లు. గమలీయేలు గారిని కిందినుంచి పైదాకా ఒకసారి చూశారు.

"పెద్దయ్యగారూ, ప్రార్థన మధ్యలో మీరేమైనా బయటికెళ్లారా?"

"నేనా! అందరికంటే ముందొచ్చి కూర్చున్నవాణ్ణి. ఆమెన్ దాకా కదిలితే ఒట్టు!"

"ఒట్టు పెట్టుకోవద్దని వాక్యం చెబుతోందండీ. సరే, అందరూ బయటికి పదండి. ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కోండి. ముందు రాజావారు."

రాజుగారు గుమ్మం దాటి ఆగిపోయారు. ఆయన ముఖమల్ జోళ్ల మీద ఎర్రతోలు చెప్పుల జత ఎక్కి కూర్చుంది. పట్టీల మీద వెండి పువ్వులు. అవెవరివో ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు.

"నా తర్వాత ఎవడొచ్చాడిక్కడికి?" అని గర్జించారు.

గమలీయేలు గారికి చెమటలు పట్టాయి. "నేను ముందే వచ్చి అడుగున వదిలానండీ. పైకెలా వచ్చాయో! నేను ప్రార్థనలోనే ఉన్నానండీ!"

అయ్యగారు చెయ్యెత్తారు.

"నిజమే రాజావారూ. పెద్దయ్యగారు ప్రార్థనలోనే ఉన్నారు. మధ్యలో లేచి వెళ్లింది ఆయన చెప్పులే!"

సంఘం సంఘమంతా గొల్లుమంది. అయ్యగారు చెప్పు తిరగేసి చూపించారు. అడుగునిండా పల్లేరుకాయలు.

"వంటింటి పెరట్లో తప్ప చర్చి చుట్టుపక్కల ఇవెక్కడా లేవండీ."

"అదంతా సరేనయ్యా, నా కేకేదీ?" అన్నారు రాజుగారు. ఆయన బాధ ఆయనది.

అయ్యగారు గమలీయేలు గారి పంచె అంచున ఇరుక్కున్న గడ్డిపోచ ఒకటి లాగారు. దాన్ని పట్టుకుని వరండా వైపు చూశారు. అక్కడ మా కుర్రాళ్లు కట్టిన పశువుల పాక ఉంది, అందులో గడ్డి మీద బాలయేసు బొమ్మ. రాజుగారే వెళ్లారు. బొమ్మకి దణ్ణం పెట్టి, పైకెత్తి పక్కన పడుకోబెట్టి, గడ్డిలో చెయ్యి పెట్టారు. కేకు చెక్కుచెదరకుండా ఉంది.

గమలీయేలు గారు నేలచూపులు చూస్తున్నారు. అయ్యగారు చేతులు జోడించారు.

"పాపం ఆయన్నేమీ అనకండి రాజావారూ. తూర్పుదేశపు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు. మన పెద్దయ్యగారు కేకు తెచ్చారు!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. మొహం తుడుచుకోబోయి, ఏడాదంతా కాపాడుకున్న నామం కాస్తా చెరిపేసుకున్నారు. మొదటి ముక్క తన చేత్తో కోసి మార్తమ్మకిచ్చి, తన శాలువా తీసి ఆవిడకే కప్పారు.

"తప్పయిపోయింది తల్లీ. బతికున్నన్నాళ్లూ ఆ పొయ్యి నీదే. నిన్ను కదిపేవాడు లేడు."

అయ్యగారికి రెండో ముక్క ఇచ్చి, గమలీయేలు గారి వైపు తిరిగారు.

"వచ్చే క్రిస్మస్‌కి కూడా అందరికంటే ముందే రండి పెద్దయ్యా. చెప్పుల కాపలా మీదే!"