రెల్లుపురం రాళ్ళూ, రెండు కోవెలల పంతమూ

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు, ఆయన రాజ్యానికి రెండు కోవెలలు. కొడుకులతో ఏ బాధా లేదర్రా, తంటా అంతా కోవెలలతోనే వచ్చింది.

ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఒకనాడు రెల్లుపురం మీద బూడిద చల్లి, ఊరు ఊరంతా రాళ్ళు చేసిపోయాడు. ఆ ఊరి దొర కూతురు హేమలేఖ, చిన్న రాకుమారుడు కువలయుడు పెళ్ళాడవలసిన పిల్ల, చంకలో పసి చెల్లెలితో సహా బావిగట్టున రాయైపోయింది.

ఇంత ఘోరం జరిగితే పరుగెత్తాలా వద్దా? సూర్యకోవెల పూజారీ, చంద్రకోవెల పూజారీ సభలో కూర్చుని, మాంత్రికుణ్ణి చంపే వీరుడికి కంకణం కట్టేది మేమంటే మేమని మూడు నెలలు వాదించుకున్నారు. ఎవరి కంకణం గెలిస్తే వాళ్ళకి అగ్రతాంబూలం మరి. అక్కడ పసిబిడ్డలు ఎండకు ఎండి వానకు తడుస్తుంటే వీళ్ళకి తాంబూలం కావలసివచ్చింది. సిగ్గుండక్కర్లా?

పెద్దవాడు సూర్యకంకణంతో వెళ్ళాడు, తిరిగిరాలేదు. రెండోవాడు చంద్రకంకణంతో వెళ్ళాడు, తిరిగిరాలేదు. ఇక కువలయుడి వంతు. పూజారులు చెరో చెయ్యీ పట్టుకుని చెరో కంకణం కట్టి, చెరో చెవిలో ఒకే ప్రమాణం చెప్పారు: "నాకే కోరికా లేదు. స్వామి సేవకే వెళుతున్నాను."

కువలయుడు ఆ మాటలే పలికాడు. కానీ అన్నలు పోయారు గనక సింహాసనం ఇక తనదేనన్న ఆలోచన పొద్దున్నే వచ్చింది అతనికి. తన మీద తనకే ఒళ్ళు మండింది.

సముద్రం ఒడ్డున ముసలి తాబేలు కనిపించి, "ఎక్కు నాయనా. మీ అన్నల్నీ నేనే దాటించాను," అంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. మాంత్రికుడి దీవి చేరాక తాబేలు చెప్పింది. "మాంత్రికుడి ప్రాణం ఓ చిలక నాలుక కింద నల్లపూసలో ఉంది. ఎందుకొచ్చావని చిలక మూడుసార్లు అడుగుతుంది. అబద్ధమాడితే రాయవుతావు. నిజం చెబితే పూస ఉమ్మేస్తుంది. అది నలిగిందా, రాళ్ళన్నీ మళ్ళీ మనుషులే. మీ అన్నలకూ చెప్పాను, వింటేనా."

చిలక ఉన్న చెట్టు కింద అన్నలిద్దరూ చేతులు జోడించి రాళ్ళై ఉన్నారు.

"ఎందుకొచ్చావు?" అంది చిలక.

కోవెల ప్రమాణమే నాలుక చివరికొచ్చింది కువలయుడికి. మింగేశాడు. "సింహాసనం కోసం."

"ఇంకెందుకు?"

"హేమలేఖ కోసం."

"ఇంకా?"

"స్వామి కోసం కూడాను. చిన్నప్పటినుంచీ దణ్ణం పెట్టుకున్నవాణ్ణి, అది అబద్ధం కాదు. మూడూ కలిసిపోయి ఉన్నాయి, విడదియ్యడం నాకు చేతకాదు."

"మీ అన్నలు నాకే చిలకపలుకులు వినిపించారయ్యా," అని చిలక పూస ఉమ్మేసింది.

పూస నలిగితే అన్నలు లేస్తారు. అన్నలు లేస్తే సింహాసనం పోతుంది. కువలయుడు ఒక్క క్షణం ఆగాడు, ఆగలేదని చెబితే నేను అబద్ధమాడినట్టే. తర్వాత మడమతో నలిపేశాడు. మాంత్రికుడు ఎక్కడున్నవాడక్కడే కుప్పకూలాడు, అన్నలు కళ్ళు నులుముకుంటూ లేచారు.

ముగ్గురూ రెల్లుపురం చేరేసరికి పూజారులిద్దరూ జెండాలతో, డోళ్ళతో ముందే దిగి, గెలిచింది మా స్వామంటే మా స్వామని బావిగట్టున కొట్లాడుకుంటున్నారు.

"రాయినైనా నాకు చెవులు వినిపించాయి," అంది హేమలేఖ, చెల్లెల్ని జోకొడుతూ. "కోవెల ఎక్కడ కట్టాలో నా పక్కనే నిలబడి నాలుగుసార్లు కొలిచారు మీరు. ఈ పసిదాని మీద ఒక్కనాడైనా తాటాకు కప్పారా?"

"అంతా స్వామి కోసమే తల్లీ," అన్నారు వాళ్ళు.

"ఆయన అడిగాడా?"

ఇద్దరూ జెండాలు దించారు. హేమలేఖ కువలయుడి వైపు తిరిగింది. "నువ్వు? ముందు నా కోసమేనా బయల్దేరింది?"

"ముందు సింహాసనం కోసం," అన్నాడు కువలయుడు తలొంచుకుని. "ఇప్పుడది పెద్దన్నది."

ఆ పిల్ల చెల్లెల్నెత్తుకుని ఇంటికెళ్ళిపోయింది. నాలుగోనాడు తిరిగొచ్చి, "ముహూర్తం పెట్టించు. నిజం చెప్పినవాడితో కాపురం చెయ్యొచ్చు," అంది.

రాజు చిన్నవాడికి రెల్లుపురం ఇచ్చాడు. పెళ్ళిలో అక్షింతలు వేసింది రాళ్ళై లేచిన జనమే. కువలయుడూ హేమలేఖా అరవై ఏళ్ళు ఆ ఊరినేలారు. ఊళ్ళో ఇద్దరు స్వాములకూ దీపం పెట్టారు, ఏ పూజారినీ మాత్రం సభలో కూర్చోనివ్వలేదు.