ట్యూబు వద్దన్న శిష్యుడు

వరహాలు నాయుడుగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. మాడుగుల దాటాక ఘాటీ ఎక్కే దారి మొదట్లో ఆయన షెడ్డు ఉంది. మోటారు సైకిళ్ల చువ్వల చక్రాలు కట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయన తరవాతే ఎవరైనా. చక్రాన్ని స్టాండుకి తగిలించి, నెమ్మదిగా తిప్పుతూ, ఒక్కో చువ్వనీ చిన్న రెంచీతో తట్టి, ఆ మోతని బట్టి ఏది వదులో ఏది బిగువో చెప్పేస్తారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరూ గురువుగారూ అనే పిలుస్తారు. షెడ్డుల్లో ఆ పిలుపు మామూలే గాని, ఈయన విషయంలో అది కాస్త నిజం కూడా.

ఆయన శిష్యుల్లో పెద్దవాడు దాలినాయుడు. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిపని బాగా తెలిసినవాడు, నోరు మాత్రం అదుపులో ఉండదు. ఒక శుక్రవారం పొద్దున్న, నేను నా బండి చైను బిగించుకుందామని వెళ్లి కూర్చున్నప్పుడు, అతను తన చక్రం విప్పి పట్టుకొచ్చి గురువుగారి ముందు నిలబడ్డాడు.

"గురువుగారూ, నా బండికి ట్యూబులు తీసీసి ట్యూబ్‌లెస్ సేసుకుంటానండి. చువ్వల చక్రానికి ఏది మంచిదంటారు?"

అడగదగ్గ ప్రశ్నే. చువ్వల చక్రంలో ప్రతి చువ్వా రిమ్ముకున్న బెజ్జంలోంచి లోపలికి వస్తుంది. ముప్పై ఆరు చువ్వలకి ముప్పై ఆరు బెజ్జాలు. వాటిలోంచి గాలి పోకుండా ఉండాలంటే లోపల ట్యూబు ఉండాలి. వద్దనుకుంటే ప్రతి బెజ్జం చుట్టూ జిగురుమందు పూసి, ఆరబెట్టి, మీద పట్టీ వేసి మూసెయ్యాలి. ట్యూబుకి మేకు దిగితే గాలి ఉన్నపళంగా పోతుంది. బండి ఆపి, చక్రం విప్పి, అరగంట రోడ్డు పక్కన కూర్చోక తప్పదు. ట్యూబ్‌లెస్సుకి మేకు దిగినా అది అందులోనే బిగుసుకుని ఉంటుంది, మనం పోతూనే ఉండొచ్చు. రెంటిలో ఏది మేలో తేల్చాలంటే షెడ్డులో కూర్చున్నవాళ్లకి ఒక పూట చాలదు.

కాని దాలినాయుడి బాధ చక్రం గురించి కాదు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. అతని భార్య గౌరీశ్వరి పద్నాలుగు నెలలుగా పుట్టింట్లో ఉంది. తమ్ముడి పెళ్లికి నాలుగు రోజులు ముందుగా వెళ్తానని ఆవిడ అడిగితే, బస్టాండులో పదిమంది ముందూ "పోతే పో, మళ్లీ రాకు" అన్నాడు. ఆవిడ చెప్పిన మాట వినే మనిషి కాబోలు, వెళ్లింది, రాలేదు. ఆ పుట్టిల్లు ఎర్రమెట్టలో, ఘాటీకి సగం దారిలో, రోడ్డు వారనే ఉంది. ప్రతి గురువారం కొండమీద సంతకి బళ్లు బాగుచేయడానికి వెళ్లే దాలినాయుడు ఆ ఇంటి ముందునుంచే పోవాలి. ఇన్నాళ్లూ మెడ తిప్పకుండా పోయేవాడు.

ముందురోజు, గురువారం, సరిగ్గా ఆ ఇంటి ముందే అతని వెనక చక్రంలో గాలి పోయింది. రోడ్డుమీద గొంతుక్కూర్చుని ట్యూబు బయటికి లాగుతుంటే, గౌరీశ్వరి బేసిన్‌తో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. చిల్లు ఎక్కడుందో చూసుకోవడానికి నీళ్లు కావాలని మెకానిక్ పెళ్లానికి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఇతనూ అనలేదు. ట్యూబుని ముంచి, బుడగలు చూసి, అతుకు వేసి, గాలి కొట్టాడు. బేసిన్ తీసుకోవడానికి మళ్లీ వస్తుందేమోనని, చక్రం నిండిపోయాక కూడా కాసేపు ఉత్తినే పంపు కొడుతూ కూర్చున్నాడట. రాలేదు. ఆవిడ మీద బెంగతో ఆ మనిషి సగమైపోయాడు, అడిగితే మాత్రం ఒప్పుకోడు. ఇక ఈ జన్మలో ఆ ఇంటి ముందు ఆగకూడదని నిశ్చయించుకుని కొండ దిగాడు. ట్యూబ్‌లెస్ మీద హఠాత్తుగా పుట్టిన ప్రేమకి కారణం అదీ.

గురువుగారు అతని ముఖం చూశారు, చక్రం చూశారు. తరవాత చేత్తో ఇంకో బండి చూపించారు.

"కూర్మారావుగారి బండి ఎనక చక్రం ఇప్పు. జిగురంతా గీకీసి ట్యూబెట్టాల. అదయ్యాక నీ సంగతి సూద్దుం."

కూర్మారావుగారు పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన మనిషి. కొండమీద ఎకరం కాఫీ తోట ఉంది, వారానికోసారి వెళ్లి చూసుకుని వస్తారు. భార్య పోయి ఆరేళ్లయింది. రెండేళ్ల కిందట ఇదే షెడ్డులో గురువుగారే స్వయంగా మందు పూసి ఆయన బండిని ట్యూబ్‌లెస్ చేశారు. ఈ శుక్రవారం ఆయన షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చుని పేపరు చూస్తున్నారు గాని, ఎంతసేపైనా పేజీ తిప్పడం లేదు.

దాలినాయుడు టైరు ఊడదీసి రిమ్ము లోపల వేలు పెట్టి చూశాడు. గురువుగారి చేతిపని ఎక్కడా పగలలేదు, లేవలేదు. అతనికి ప్రాణం ఒప్పలేదు.

"ఇది రాయిలాగుంది బాబూ. ఇసుమంత గాలి పోటం లేదు. ఇంత మంచి పని ఎందుకు పాడుసేయించుకుంటన్నారు?"

కూర్మారావుగారు గురువుగారి వైపు చూశారు. ఆయన వేరే చక్రం చువ్వలు తడుతూ తలెత్తలేదు.

"గాలి పోకపోవడమే నాకొచ్చిన కష్టం నాయనా," అన్నారు కూర్మారావుగారు. "రెండేళ్లలో ఘాటీలో నేను ఒక్కసారి కూడా ఆగలేదు."

తరవాత మెల్లగా చెప్పుకొచ్చారు. ఏడో మలుపులో చిలకమ్మ అని ఒకావిడ కొండచీపుర్లు కట్టి అమ్ముతుండేది. నాలుగేళ్ల కిందట మొదటిసారి అక్కడ పంక్చరైనప్పుడు, చీపురు పక్కన పెట్టి వచ్చి చక్రం కదలకుండా పట్టుకుంది. మళ్లీ వెళ్లి చీపుర్లు కట్టుకుంటూ, ఏ గడ్డి ఎప్పుడు కోయాలో, ఎన్ని ఎండలు చూపిస్తే పుల్ల విరగకుండా ఉంటుందో చెప్పింది. ఈయన ఊరూ పేరూ సరిగ్గా లేని ఉత్తరాలని ఎలా చేర్చేవాళ్లో చెప్పారు. ఆవిడ పడీపడీ నవ్వింది. మొత్తం అరగంట. ఇంటికి వెళ్లాక ఆయనకి ఆ రోజులో ఆ అరగంట తప్ప ఇంకేదీ గుర్తు లేదట.

"ఆ తరవాత నాకు పంక్చర్లు మరీ ఎక్కువయ్యాయి," అని ఆయన పేపరు మడిచారు. "అన్నీ మేకులు దిగినవి కావులే. నాలుగైదుసార్లు ఆరో మలుపులో నేనే గాలి తీసేసి, అక్కణ్ణుంచి తోసుకుంటూ వెళ్లాను."

దాలినాయుడు నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు.

"ఊరికినే ఆగొచ్చు కదండీ?"

"ఏమని ఆగను? అరవై దాటినవాణ్ణి, పోస్టుమాస్టరుగా చేసినవాణ్ణి. చీపుర్లు కట్టుకునే ఆవిడ దగ్గర నాకేం పని? పంక్చరైతే ఎందుకాగావని ఎవరూ అడగరు." మడిచిన పేపరు పక్కన పెట్టి మళ్లీ అన్నారు. "ఒకసారి నిజంగానే గాలి దిగి లోయ అంచుదాకా జారాను. మా అమ్మాయి పట్టుబట్టి ట్యూబ్‌లెస్ చేయించింది. దాని తప్పేం లేదు. పడిపోకుండా వెళ్లొస్తున్నాను. చిలకమ్మ చెయ్యి ఊపేది, నేను హారన్ కొట్టి పోయేవాణ్ణి. ఈ వేసవి నుంచీ ఆ మలుపులో ఎవరూ లేరు. అడిగితే తెలీదంటున్నారు. వాళ్ల ఊరేదో నేనెప్పుడూ అడగలేదు. ముప్పై ఏళ్లు ఊళ్ల పేర్లు చదివి బతికినవాణ్ణి, ఆవిడ ఊరి పేరు అడగలేదు."

దాలినాయుడు ఒక్కో బెజ్జం దగ్గరా జిగురు గీకాడు. అది పూర్తయ్యాక టైరు లోపల అరచేత్తో తడుముతుంటే ఏదో గుచ్చుకుంది. పట్టకారుతో లాగి చూస్తే బొటనవేలంత మేకు. తల పూర్తిగా అరిగిపోయి ఉంది.

"ఇది దిగి ఏడాది పైనే అయ్యుంటదండి," అన్నాడు. "మీకు తెలిసుండదు."

కూర్మారావుగారు లేచి వచ్చి మేకుని చేతిలోకి తీసుకున్నారు.

"ఏడాది కిందటంటే ఆవిడ అక్కడే ఉంది," అన్నారు. "నాకు నిజంగానే పంక్చరైందన్నమాట. తెలియకుండా పోయాను."

ఆ మేకుని ఆయన జేబురుమాల్లో చుట్టుకున్నారు. కళ్లజోడు తుడుచుకునే నెపంతో ఆయన రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. దాలినాయుడు ట్యూబు పెట్టి, టైరు ఎక్కించి, గాలి నింపి, చక్రం బిగించాడు. అంతవరకూ ఉగ్గబట్టుకున్నాడు గాని, ఆయన బండి ఎక్కేటప్పుడు ఇక ఆగలేకపోయాడు.

"ఆవిడ లేదు కదా బాబూ. ఇప్పుడు ట్యూబెందుకండీ?"

నోరు అదుపులో ఉండదని ముందే చెప్పాను. కూర్మారావుగారికి మాత్రం కోపం రాలేదు.

"ఏమో, తిరిగొస్తే? అప్పటికి నా బండి ఆగే బండిగా ఉండొద్దూ?" అని, స్టార్టు చేసుకుని ఘాటీ వైపు వెళ్లిపోయారు.

దాలినాయుడు చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు. గురువుగారు లోపల్నుంచి జిగురుమందు డబ్బా ఒక చేత్తో, కొత్త ట్యూబు ఒక చేత్తో తెచ్చి అతని చక్రం పక్కన పెట్టారు.

"నువ్వడిగినవి రెండూ మంచివే. ఏది ఎయ్యమంటే అది ఏత్తాను, సెప్పు."

అతను వంగి డబ్బాని ఒకసారి, ట్యూబుని ఒకసారి తాకి చూశాడు. చివరికి, రెండూ అవసరం లేదని, నిన్న అతుకు వేసిన ట్యూబు బాగానే ఉందని, ఎవరికో అన్నట్టు అన్నాడు. చక్రం తీసుకెళ్లి తన బండికి బిగించుకున్నాడు. బండి మీద కూర్చున్నాక మళ్లీ దిగి వచ్చాడు. పదిమందిలో అంత మాట అన్న మగవాడి ముఖం కాదది అప్పుడు.

"గురువుగారూ, ఎర్రమెట్ట దాకా ఎల్లొస్తానండి." గొంతు సవరించుకున్నాడు. "ఈరోజు సంత కూడా లేదు. ఎందుకొచ్చావని అడుగుద్ది. ఏటి సెప్పమంటారు?"

గురువుగారు తన ముందున్న చక్రాన్ని ఒకసారి తిప్పి, చువ్వ మీద రెంచీ ఆనించి, చెవి అటే ఉంచి అన్నారు:

"ఏదైనా సెప్పు. పంక్చరైందని మాత్రం సెప్పకు."