ఎండ కాసిన మంచువాలు

తన ఊరి సముద్రం నేర్పింది లోకమంతటికీ చాలుననుకునే పోలయ్య, భార్య నూకాలమ్మతో కలిసి హిమాలయాల్లో రోడ్డు పని చేస్తూ ఉండేవాడు. ఎవరినీ ఏదీ అడిగేవాడు కాదు.

పని ముగిసింది. ఇంటికి బయలుదేరే ముందు విడవకుండా మంచు కురిసింది. తర్వాత ఒక ఉదయం ఆకాశం కడిగినట్టు తేటపడింది. కింద ఊరి నుంచి వారానికి ఒక్కటే బస్సు. అది తప్పిపోతుందని పోలయ్య మూట భుజాన వేసుకున్నాడు.

దారిలో టీ కొట్టు నడిపే అంగ్మో ఎదురొచ్చింది.

"భయ్యా, ఆ బోడి వాలు మీద అడుగు పెట్టకు. కొత్త మంచు కింది మంచుకు ఇంకా అతుక్కోలేదు. ఎండ తగిలితే జారిపోతుంది. దేవదారు చెట్ల మధ్య నుంచి చుట్టు తిరిగి వెళ్ళు" అంది.

పోలయ్య పకపకా నవ్వాడు. "తుపాను వెలిశాక భయమేమిటి? మా ఊళ్ళో ఎండ రాగానే పడవలు దించుతాం."

"ఆవిడ పుట్టింది ఈ కొండ మీద. నువ్వు పుట్టింది ఇసకలో. నేను రాను మావా" అని నూకాలమ్మ మూట కింద పెట్టేసింది.

"రాకపోతే ఉండు! చెట్ల చుట్టూ తిరగడానికి నేనేమన్నా మేకనా?"

అతను వాలు మీద కొన్ని అడుగులు వేశాడు. కాళ్ళ కింద మంచు ధభీమని కుంగింది. వాలుకు అడ్డంగా ఒక బీట సరసరా పాకింది. వెనక్కి గెంతేలోపే మంచంతా కదిలి లోయలోకి దూకింది. పోలయ్య అంచునే ఉన్నాడు కాబట్టి కొట్టుకుపోలేదు. మెడదాకా కూరుకుపోయాడు. చుట్టూ మంచు సిమెంటులా బిగుసుకుంది. ఊపిరి ఆడలేదు.

పైన జారడానికి ఇంకేమీ మిగల్లేదని చూసుకుని అంగ్మో పారతో పరుగెత్తింది. నూకాలమ్మ అన్నం గిన్నెతోనే తవ్వింది. చివరికి ఇద్దరూ కలిసి అతన్ని బయటికి లాగారు.

"కాళ్ళు రెండూ ఉన్నాయా?" అన్నాడు పోలయ్య వణుకుతూ.

"కాళ్ళున్నాయి. బుర్రే మొదటి నుంచీ లేదు" అని నూకాలమ్మ అతని వీపు మీద ఒక్కటి వేసి, అక్కడే కూలబడి ఏడుస్తూ నవ్వింది.

అంగ్మో కొండవాళ్ళు తాగే ఉప్పు టీ తెచ్చింది. ఆ టీ అంటే గిట్టని పోలయ్య గ్లాసు చాపి మళ్ళీ పోయించుకున్నాడు. బస్సు వెళ్ళిపోయింది. ఎవరికీ బాధనిపించలేదు.

"ఎప్పుడు బయలుదేరమంటావమ్మా?" అని పోలయ్య మొదటిసారి అంగ్మోను సలహా అడిగాడు.

ఒకచోట నేర్చిన తెలివి ఇంకోచోట ప్రాణం మీదికి తెస్తుంది. తెలియని చోట తెలిసినవారిని అడిగి నడవడమే అసలైన తెలివి.