గానుగెద్దు చెవి ఎందుకు ఊపింది

అడవిలో గానుగ ఎవరు పెట్టారని నన్నడక్కండి. ఉంది, అంతే. నూనె కోసం చుట్టుపక్కల జంతువులన్నీ ముంతలు పట్టుకుని అక్కడికే వచ్చేవి. యజమానురాలు ఏనుగమ్మ, మేస్త్రీ నక్క. నువ్వులు పోసి, మధ్యలో వేణ్ణీళ్లు చిలకరించే పని కోతిది. గానుగ తిప్పేది మైలయ్య అనే ముసలి ఎద్దు. ఈమధ్యే పుల్లోడనే కుర్ర ఎద్దు పనిలో చేరాడు. వాడికి నోరు ఊరుకోదు, ప్రతిదానికీ 'ఎందుకు?' అంటాడు.

పుల్లోడు వచ్చిన దగ్గర్నుంచి నక్క ఏనుగమ్మ చెవిలో ఒకటే పోరు.

"ఇద్దరికీ గడ్డెక్కడ తెస్తామమ్మా? కుర్రాడికి పనొచ్చాక ముసలాణ్ణి కొండవతల బీడుకి పంపేద్దాం. హాయిగా విశ్రాంతి తీసుకుంటాడు."

కొండవతల ఉన్నది పులి. అది తిని వదిలేసిన దాంట్లో నక్కకి వాటా. మైలయ్యకి ఈ సంగతి తెలుసు గానీ మేస్త్రీ మీద చెప్పే ధైర్యం లేదు. ఏనుగమ్మ అటువైపు ఎప్పుడూ వెళ్లలేదు పాపం. "ముందు వాడికి పని రానీ" అందావిడ.

నక్క నేరుగా మైలయ్య దగ్గరికొచ్చింది. "నీకు తెలిసిందంతా గబగబా చెప్పెయ్."

"నాకేం తెలుసు మేస్త్రీ గారూ? తిరుగుతాను. ఆగాల్సినప్పుడు ఆగుతాను."

"ఎప్పుడాగాలి?"

"ఆగాలనిపించినప్పుడండీ."

ముసలాడు దాచుకుంటున్నాడని నక్కకి ఒళ్లు మండింది. నిజానికి ఆయన దాచిందేం లేదు, చెప్పడానికి మాట దొరకలేదంతే.

నక్క నువ్వుల బస్తాల వెనక నక్కి చూసింది. మైలయ్య తిరుగుతూ తిరుగుతూ ఎడమ చెవి టపటపా ఊపాడు, తోక విసిరాడు, బుస్సుమన్నాడు, ఆగాడు. కోతి నీళ్లు చిలకరించింది. కాసేపటికి నూనె ధారగా దిగింది. ఇంకేం, రహస్యం దొరికిపోయిందని నక్క గంతేసి పుల్లోడి దగ్గరికి పరిగెత్తింది.

"చెవి, తోక, బుస్సు, ఆగు. రేపు ఏనుగమ్మ ముందు ఇలాగే చెయ్యాలి."

"చెవెందుకండీ?"

"ఎందుకో నీకెందుకు? ఊపు!"

ఎందుకో తెలియందే పుల్లోడికి గడ్డి సహించలేదు. మధ్యాహ్నం నక్క కునుకు తీయగానే మైలయ్య దగ్గరికెళ్లాడు.

"తాతా, ఆగే ముందు చెవెందుకు ఊపుతావు?"

"ఊపుతానా?" మైలయ్య ఆలోచించి పకపకా నవ్వాడు. "ఈగరా! నువ్వుల దగ్గర ఈగలుండవూ?"

"తోక?"

"అదీ ఈగే. బుస్సు కూడా."

"మరి ఆగేదెందుకు?"

మైలయ్య గానుగ వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు, తనకీ తోచలేదు. "ఏమోరా. పద, తిరిగి చూద్దాం."

ఇద్దరూ పక్కపక్కన నడిచారు. మైలయ్య చటుక్కున ఆగాడు.

"ఇదిగో, ఇప్పుడెందుకు ఆగావు?"

"ఉండు... మెడ మీద కాడి బరువెక్కిందిరా. ఇందాక గరగరమంటూ తేలిగ్గా వచ్చింది, ఇప్పుడు పట్టేస్తోంది. పిండి ముద్దకడుతోందన్నమాట, నీళ్లు పడాలి."

"నా మెడ పెట్టనీ తాతా."

మొదట వాడికేం తెలియలేదు. కాడి అటూ ఇటూ మార్చుకుంటూ చాలాసేపు తిరిగాక వాడి కళ్లు పెద్దవయ్యాయి. "తెలిసింది తాతా!"

"మబ్బు పట్టిన రోజు నువ్వులు చెమ్మగా ఉంటాయి, ఇంకా ముందే పట్టేస్తుంది. అరె, ఇది కూడా నాకు తెలుసన్నమాట!" ముసలాడికి తన మీద తనకే ఆశ్చర్యం వేసింది.

"ఇంకా ఏమేం తెలుసు?"

"నాకేం తెలుసు? నువ్వడుగు."

అంతలో పుల్లోడి మొహం వాడిపోయింది. "రేపు నేను బాగా తిప్పితే నిన్ను కొండవతలకి పంపేస్తారు కదా, మేస్త్రీ అంటుంటే విన్నాను. భయంగా లేదూ?"

"భయమేరా" అన్నాడు మైలయ్య. "అయినా తిప్పు. నూనె ఆగకూడదు."

పుల్లోడు కునుకు తీస్తున్న నక్క వైపు ఓసారి చూసి, చెవి టపటపా ఊపాడు.

మర్నాడు ఏనుగమ్మ ముందు వాడు నక్క నేర్పింది పొల్లుపోకుండా చేశాడు. చెవి ఊపాడు, తోక విసిరాడు, బుస్సుమని ఆగాడు. కోతి తటపటాయించింది. "చూస్తావేం, నీళ్లు పొయ్!" అని నక్క అరిచింది. పోసింది. పుల్లోడు రెండడుగులు వేసి మళ్లీ చెవి ఊపాడు. మళ్లీ పోసింది. నూనె చుక్క లేదు, గానుగ నిండా జావ.

"ఎవరు నేర్పార్రా నీకు?" అంది ఏనుగమ్మ.

"మేస్త్రీ గారేనండీ. చెవి ఊపడం దగ్గర్నుంచీ."

"వీడు మొద్దమ్మా, సరిగ్గా ఊపలేదు!" అంది నక్క.

"మైలయ్యా, ఆ చెవి సంగతేంటి?"

"ఈగలమ్మా."

కోతి నవ్వలేక బస్తా మీంచి కిందపడింది. ఏనుగమ్మకి మాత్రం సిగ్గేసింది. గానుగ కడిగించి కొత్త నువ్వులు పోయించింది. మైలయ్యని కాడి లేకుండా పుల్లోడి పక్కన నడవమంది. ఈసారి పుల్లోడు మెడ మాట విన్నాడు. నూనె దిగింది.

"మైలయ్య ఇక్కడే ఉంటాడు" అంది ఏనుగమ్మ. "మేస్త్రీ, నువ్వే అలసిపోయినట్టున్నావు. కొండవతల బీడుకెళ్లి హాయిగా విశ్రాంతి తీసుకో."

"అమ్మో, అక్కడ పులుంది!" అనేసి నక్క నాలుక కరుచుకుంది.

గానుగ ఆగిపోయింది. ఏనుగమ్మ తొండం మెల్లగా పైకి లేచింది. నక్క ఎటు పారిపోయిందో ఎవరూ చూడలేదు.

నీతి: పెద్దవాళ్ల పనితనం వాళ్లని వదిలించుకుందామని అడిగేవాడికి చిక్కదు, పక్కన నడుస్తూ ఎందుకని అడిగేవాడికే దొరుకుతుంది.